బండి తోలిన ముత్తాత, ఓడ నడిపిన దొర

నా కుర్రతనంలో మా కొమరోలు వైపు పల్లెల్లో తెల్లదొర అంటే అందరికీ తెలిసింది ఒక్కడే. ఎప్పుడో తాతల కాలంలో ఏసు గుడి కట్టి, బడి పెట్టి, గడ్డం పెంచుకొని ఎద్దులబండిలో ఊళ్లు తిరిగిన మిషనరీ దొర. ఇంగ్లండులో ఇంకా దొరలున్నారనీ, వాళ్లలో కొందరికి గడ్డాలు కూడా ఉంటాయనీ నాకు తట్టలేదు. (డిగ్రీలో ఇంగ్లీషు మూడుసార్లు తప్పినవాడికి తట్టకపోవడంలో వింతేముంది!)

ఆ దొర బండి తోలింది మా ముత్తాత. దోవలో కలరా సోకి, దొరను వాగు దాటించి, గట్టు మీదే ప్రాణం విడిచాడట. "దొర మా తాత గురించి పుస్తకంలో రాసినాడు" అని నాయన ఊరంతా చెప్పుకునేవాడు. ఆ పుస్తకాన్ని చూసినవాడు మాత్రం లేడు. కిడ్నీలు పాడై మంచాన పడ్డాక నాయనకు అన్నం మీద ఆశ పోయింది గానీ ఆ పుస్తకం మీద పోలేదు. "అబ్బయ్యా, నేను పోయేలోపల తాత పేరు చదివి వినిపించురా. ఇంకేం అడగను" అన్నాడు.

మార్కాపురంలో పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను. ఇంగ్లీషు దొరల జీవితచరిత్రలు కావాలంటే, "ఏ పరీక్షకు?" అని అడిగి బిట్‌బ్యాంకులు చేతిలో పెట్టారు. చివరికి పాత పేపర్లు తూకానికి కొనే చోట, అట్ట మీద గడ్డం దొర బొమ్మ ఉన్న లావుపాటి పుస్తకం దొరికింది. "ఇంగ్లీషు దొరేనా?" అన్నాను. "ఆ టోపీ చూడన్నా. దొర కాకపోతే మా మామ పెట్టుకుంటాడా అట్లాంటిది?" అన్నాడు దుకాణమాయన. సాక్ష్యం బలంగానే తోచింది.

ఇంటికి తెచ్చేసరికి నాయన మంచం చుట్టూ వాడంతా చేరింది. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో ఓడ. పదో పేజీలోనూ ఓడే. ఎటు తిప్పినా ఓడలు, ఫిరంగులు, తగలబడుతున్న దీవులు. ఆయనెవరో నౌకాసేనాని! నాయన కళ్లు మూసుకొని, వాచిన చేతులు జోడించి ఎదురుచూస్తున్నాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక చదివాను. ఓడను ఎద్దులబండి చేశాను, తుఫానును సగిలేరు వరద చేశాను, ఫిరంగులను ఉరుములు చేశాను. "ఎద్దుల పేర్లు రాయలేదా ఏంది?" అని మా పెద్దమ్మ అడిగితే (రాయకుండా ఉంటాడా!) వాటికీ రెండు పేర్లు పెట్టాను. వాగు గట్టు దగ్గరికొచ్చేసరికి నాకే ఏడుపొచ్చింది. దొర బండివాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు, పేరు పెట్టి పిలిచాడు, తన చేత్తోనే గుంత తవ్వాడు, తోడబుట్టినవాడు పోయినట్టుందని రాసుకున్నాడు. వాడంతా "ఆమెన్" అంది. నాయన మెల్లగా అడిగాడు.

"పేరు ఉంది కదా?"

"ఉంది నాయనా."

"యాడ?"

ఆయన వేలు పట్టుకొని ఒక పేజీ మీద పెట్టాను. అక్కడున్నది తెరచాప బొమ్మ. నాయనకు చదువు రాదు, అప్పటికి చూపు కూడా ఆనడం లేదు. చాలాసేపు వేలు తియ్యలేదు.

ఆ వారమే పోయాడు. పుస్తకం కూడా పెట్టెలో పెట్టాల్సిందేనని పెద్దమ్మ పట్టుబట్టింది. అట్లా ఒక ఇంగ్లీషు నౌకాసేనాని, బోరు వేసినా నీళ్లు పడని మా ఎర్రనేలలో మా నాయన పక్కన పడుకున్నాడు.

తర్వాత ఎట్లాగో ఇంగ్లీషు గట్టెక్కి, ఇప్పుడు పిల్లలకు అదే చెప్పుకొని బతుకుతున్నాను. ఈమధ్య ఫోనులో వెతుకుతుంటే అసలు దొర రాసుకున్న డైరీ దొరికింది. చదివాను. వాగు ఉంది, వరద ఉంది. బండివాడు చనిపోవడం వల్ల ప్రయాణం రెండు రోజులు ఆలస్యమైందని ఒక ముక్క ఉంది. పేరు లేదు. ఎద్దుల పేర్లు మాత్రం రెండూ ఉన్నాయి.

కడుపు మండి ఫోను పక్కన పడేశాను. కాసేపటికి, ఓడ బొమ్మ ముందు పెట్టుకొని చెమటలు కక్కుతూ చదివిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. దొర కంటే వాడే బాగా రాశాడు.