ఆడని ఆటకు రేటింగ్ పోదు

నేను రిటైరవడానికి ముందు వేసవిలో, పెరంబూరులోని ఒక కల్యాణ మండపంలో జరిగిన పిల్లల చదరంగం పోటీకి నన్ను చీఫ్ ఆర్బిటర్‌గా వేశారు. ఆర్బిటర్ అంటే ఆటకు తీర్పరి. ఎవరు ఎవరితో ఆడాలో జతలు ప్రకటించడం, గడియారాలు మొదలుపెట్టించడం, తగవు వస్తే నిబంధన చూసి తేల్చడం మా పని. చీఫ్ కింద ఒక్కో వరుస బల్లలకు ఒక్కో ఆర్బిటర్ ఉంటారు. తల్లిదండ్రులకు హాల్లోకి ప్రవేశం లేదు. ఆ నిబంధన పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు రోజూ మనసులో దండం పెట్టుకునేదాన్ని.

తెలియనివాళ్ల కోసం రేటింగ్ సంగతి చెప్పాలి. ఆటగాడి బలాన్ని ఒక అంకెతో కొలుస్తారు. తనకన్నా చిన్న అంకె ఉన్నవాళ్ల చేతిలో ఓడితే కోత ఎక్కువ, పెద్ద అంకె ఉన్నవాళ్లను ఓడిస్తే రాబడి ఎక్కువ. పిల్లల లెక్కలో ఈ హెచ్చుతగ్గులు మరీ పెద్దవి. అయితే ఇందులో ఒక సందు ఉంది. ప్రత్యర్థి రాకపోతే వచ్చినవాళ్లకు ఆ పోటీలో గెలుపు దక్కుతుంది గానీ, ఇద్దరి రేటింగూ కదలదు. ఇద్దరూ చెరో ఎత్తు వేశాక మాత్రం అది జరిగిన ఆట కిందే లెక్క.

చివరి రౌండులో వాషర్‌మెన్‌పేట్ నుంచి వచ్చిన హేమకు నిహాల్ అనే కుర్రవాడితో జత పడింది. ఇద్దరూ పదేళ్ల పిల్లలే. నిహాల్ రేటింగ్ పెద్దది. హేమది చిన్నదే గానీ, ఆ పోటీలో తనకన్నా గట్టివాళ్లను వరసగా ఓడిస్తూ వచ్చింది. ఆ పిల్ల ఒక అకాడమీలో పై తరగతిలో చేరాలి. ఫలానా రేటింగ్ దాటితేనే చేర్చుకుంటామన్నారట వాళ్లు. పిల్ల ఎలా ఆడుతుందో ఒక్కసారి కూర్చోబెట్టి చూసే ఓపిక కూడా లేదు ఆ పెద్దమనుషులకు. నిహాల్‌ను ఓడిస్తే దాటుతుంది. అతను రాకపోతే గెలుపు దక్కుతుంది, సీటు దక్కదు. అకాడమీ సంగతి పొద్దున్నే వాళ్లమ్మ నాతో చెప్పింది.

జతలు గోడకు అంటించిన కాసేపటికి నిహాల్ తండ్రి వచ్చాడు. విజయవాడ నుంచి ఐటీ ఉద్యోగానికి వచ్చిన మనిషి, నేను తెలుగుదాన్నని తెలిసి చనువుగా ఉండేవాడు. బాబుకు కడుపునొప్పిగా ఉందనీ, కార్లో పడుకోబెట్టాననీ, ఈ రౌండు ఆడడనీ చెప్పాడు. ఆ బాబు అంతకు ముందే మెట్ల మీద సమోసా తింటూ నాకు కనిపించాడు. ఒళ్లు మండింది. కానీ ఆటగాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చే అధికారం ఆర్బిటర్‌కు లేదు. ప్రకటించిన జత మార్చననీ, మొదలయ్యాక అరగంట గడువుంటుందనీ, నొప్పి తగ్గితే పంపమనీ చెప్పాను.

హేమవి తెల్ల పావులు. బంటును ముందుకు నెట్టి గడియారం నొక్కింది. ఎదురుగా ఖాళీ కుర్చీ. చుట్టూ అందరూ ఆడుతుంటే ఆ పిల్ల కాసేపు తలుపు వైపు, కాసేపు నా వైపు చూస్తూ కూర్చుంది. ఓడి ఏడ్చే పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లను చూసి ఎప్పుడూ ఇంత కోపం రాలేదు.

గడువు ముగియవస్తుండగా నిహాల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"కార్లో బోర్ కొడుతోంది మేడమ్. ఇంకా ఆడొచ్చా?"

కూర్చోమన్నాను. కూర్చుని నల్లబంటును జరిపి గడియారం నొక్కాడు. ఆ వెనకే తండ్రి రొప్పుతూ తలుపు దగ్గరికి వచ్చాడు. నేను బయటికి వెళ్లాను.

"ఒక్క ఎత్తే కదండీ వేశాడు. రాలేదని రాసేయండి మేడమ్."

ఆట మొదలైందనీ, కావాలంటే బాబు ఓటమి ఒప్పుకోవచ్చు గానీ అప్పుడూ కోత తప్పదనీ చెప్పాను.

"మీకేం పోయిందండీ? ఆ పాయింట్ల కోసం ఏడాదిగా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాం."

ఊళ్లు తిరిగింది మీ అబ్బాయి ఆడటానికా, కార్లో దాక్కోవడానికా అని అడిగేశాను. ఆర్బిటర్ అనకూడని మాట అది. అన్నందుకు ఇప్పటికీ నాకు చింత లేదు.

హేమ గెలిచింది. చేతులు కలుపుకున్నాక ఇద్దరూ పావులు మళ్లీ పేర్చి, గుర్రాన్ని ఎక్కడ పోగొట్టుకున్నాడో వెతుకుతూ నవ్వుకున్నారు. బయటికొచ్చిన కొడుకును తండ్రి అడిగిన మొదటి మాట, ఎంత పోయిందని. వాడి మొహంలో నవ్వు చచ్చిపోయింది.

సామాను సర్దుకుంటుంటే హేమ వాళ్లమ్మ వచ్చింది. నా చేతులు పట్టుకుంది.

"మీ దయవల్ల పాపకు సీటు దొరికినట్టే మేడమ్. ఇంకొకటి అడగాల. ఇంకమీద రేటింగ్ తక్కువుండే పిల్లోళ్లు ఎదురుగా వస్తే, పాపను బయట ఆటోలో కూర్చోబెట్టేస్తే పాయింట్లు పోవు గదా? ఆ సారు చేసినాడే, అట్ల."

హేమ పక్కనే నిలబడి వింటోంది. పాయింట్లు పోవమ్మా అన్నాను. నిబంధన అడిగితే ఉన్నది చెప్పాలి.

ఆ పోటీలో నేను నేర్చుకున్నది ఇంతే. శిక్ష లేని తప్పును ఒకరు చేస్తే చూసినవాళ్లందరూ నేర్చుకుంటారు. దానివల్ల దెబ్బ తినబోయినవాళ్లు అందరికన్నా ముందు నేర్చుకుంటారు.