జబ్బు చావిడి ఆఖరున

ఈ ఉదయం మా వీధిలోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి తిరువూరు ప్రజలందరూ, జ్వరం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా, పది గంటలకల్లా స్కూలు ఆవరణకు వచ్చి వైద్య శిబిరాన్ని వినియోగించుకోవలసిందిగా కోరుతూ, పాటను మధ్యమధ్యలో ఆపి మరీ చెప్పుకుంటూ పోయింది. కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి ఒకచోటికి రావడమేమిటండీ! ఇంత అనుభవించాక కూడానా! పైకే అన్నాను కాబోలు, రిటైరైన మనిషికి అంత బీపీ దేనికంటూ మా ఆవిడ లోపలినుంచి కేకేసింది. నేను రిటైరైంది ఉద్యోగం నుంచి గానీ కోపం నుంచి కాదు కదా.

నేను పశువుల డాక్టర్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో గంపలగూడెం వైపు ఊళ్ళన్నీ మా పెద్ద డాక్టరుగారి స్కూటరు వెనక కూర్చుని తిరిగాను. ఒళ్ళో టీకాలున్న ఐసు పెట్టె, భుజాన సంచి, పత్తిచేల మధ్య దారిలో రేగే ఎర్ర దుమ్మంతా ముఖం మీదే. అప్పట్లో గాలికుంటు వచ్చిందంటే, అదే, గొడ్ల నోళ్ళూ గిట్టలూ పుండ్లు పడిపోయి మేత ముట్టకుండా చేసే జబ్బు, ఊరు ఊరంతా దిగాలు పడిపోయేది. పెద్ద డాక్టరుగారికి ఒక పద్ధతి ఉండేది. గొడ్లను ఎప్పుడూ ఒకచోటికి తోలుకురమ్మనేవారు కాదు, మేతకు వదలకముందే మేమే చావిడి చావిడికీ వెళ్ళేవాళ్ళం. అందులోనూ జబ్బు లేని చావిళ్ళు ముందు, జబ్బు చావిడి ఆఖరున. ఆ తరవాత బూట్లూ, పలుపులూ, చేతులూ బట్టల సోడా నీళ్ళతో కడుక్కుని నేరుగా ఇంటికే తప్ప, దారిలో ఎవరు కాఫీకి పిలిచినా దిగడానికి లేదు.

ఒకసారి ఒక పెద్దరైతు, జబ్బు చేసింది తన గొడ్లకైతే ముందు ఊళ్ళోవాళ్ళ గొడ్లను చూడటమేమిటని దారికి అడ్డంగా నిలబడ్డాడు. పెద్ద డాక్టరుగారు స్కూటరు దిగనైనా దిగకుండా, ముందు మీ ఇంటికొస్తే మీ జబ్బును నేనే ఊరంతా పంచిపెట్టినట్టవుతుందండీ అని నెమ్మదిగా చెప్పి, పక్కనుంచి పోనిచ్చారు. ఆ రైతు అలిగాడు గానీ, మేము చిట్టచివర వెళ్ళేసరికి మా ఇద్దరికీ మజ్జిగ కలిపి ఉంచాడు. అప్పట్లో చెబితే వినేవాళ్ళు. కోపం వచ్చినా వినేవాళ్ళు.

సరే, నా సర్వీసు చివరి రోజుల్లో కరోనా వచ్చిపడింది. క్వారంటైనని, కట్టడి అని, ఎవరు ఎవరిని కలిశారో ఆరా తీయాలని, టీకాలు చల్లదనం చెడకుండా మోసుకెళ్ళాలని టీవీల్లో అందరూ కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు నవ్వొచ్చేది. అదంతా మేము జీవితమంతా చేసిన పనే. పైగా మా రోగులు ఎక్కడ నొప్పో చెప్పరు, మాస్కు పెట్టుకోరు, తంతారు కూడాను. ఈసారి మమ్మల్ని తప్పకుండా పిలుస్తారనుకున్నాను. పిలిచారు. క్వారంటైన్ కేంద్రం గేటు దగ్గరికి వీధికుక్కలు రాకుండా చూసుకోమని డ్యూటీ వేశారు.

రెండో విడత మరీ ఘోరంగా వచ్చింది. పరీక్షల శిబిరాల గురించి ఒక మీటింగు పెట్టారు. వెనక కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఉండబట్టలేక లేచి, జనాన్ని స్కూలుకు పిలవద్దని, మనమే వీధి వీధికీ వెళ్దామని, జ్వరం లేని ఇళ్ళు ముందు చూసుకుని ఉన్న ఇళ్ళకు ఆఖరున పోదామని, కావాలంటే మా వాళ్ళందరం వస్తామని చెప్పాను. అధికారి ఓపిగ్గానే విన్నాడు. విని, "ఇవి గేదెలు కాదు డాక్టరుగారూ, మనుషులు. దూరదూరంగా నిలబడమంటే నిలబడతారు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నిలబడ్డారా? మర్నాడు ఆ స్కూలు ముందునుంచి వెళుతూ చూశాను. ఎండలో సున్నంతో గీసిన గుండ్రాలు వరసగా ఎంతో పద్ధతిగా ఉన్నాయి. ప్రతి గుండ్రంలోనూ ఒక చెప్పుల జత. ఆ చెప్పుల తాలూకు మనుషులు మాత్రం, తమ వంతు ఎక్కడికీ పోదన్న ధీమాతో, వరండా నీడలో భుజాలు రాసుకుంటూ, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, మామిడికాయల ధరల గురించి మాట్లాడుకుంటున్నారు. దగ్గేవాడూ అక్కడే, వాడికి మంచినీళ్ళ సీసా అందించేవాడూ అక్కడే. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నా మాట ఎవరికి కావాలి!

ఆ వారంలోనే పెనుగొలను నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. చిన్నప్పటినుంచీ ప్రతిదీ నన్ను అడగడం ఆవిడకు అలవాటు, నేను చెప్పింది వినకపోవడం అంతకంటే పాత అలవాటు. పక్కింట్లో ఎవరికో జ్వరం వచ్చిందట, వీధి మొత్తాన్నీ పరీక్షలకు స్కూలు దగ్గరికి రమ్మని మైకులో చెప్పారట, వెళ్ళమంటావా అని అడిగింది. తనకూ బావగారికీ ఒంట్లో ఏ నలతా లేదు. వెళ్ళొద్దు, ఇల్లు కదలొద్దు, ఇంటికే ఎవరినైనా పంపేలా చూస్తానని బతిమాలాను.

"వెళ్ళకపోతే ఏదో దాస్తున్నామనుకుంటార్రా ఊళ్ళో. అయినా గొడ్ల డాక్టరువి, నీకు మనుషుల సంగతులేం తెలుస్తాయి?" అని నవ్వుతూ ఫోను పెట్టేసింది. మీటింగులో అధికారి అన్నప్పుడు కోపమే వచ్చింది. అక్కయ్య అనేసరికి మనసు చివుక్కుమంది. ఇద్దరూ వెళ్ళారు. కొద్ది రోజులకే ఇద్దరికీ జ్వరాలు. వాళ్ళ ఊరి స్కూలు దగ్గరే అంటుకుందని నేను రుజువు చేయలేను, పక్కింటినుంచే వచ్చిందేమో. కానీ ఆ చెప్పుల జతలు కళ్ళముందు కదిలినప్పుడల్లా ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

ఎవరూ రాకుండా అక్కయ్యవాళ్ళ వీధికి రెండువైపులా కర్రలు కట్టేశారు. లోపల గొడ్లున్నాయి, వాటికి మేతా నీళ్ళూ చూడాలి, పాలు తీయాలి కాబట్టి పశువుల డాక్టరుగా నాకు మాత్రం అనుమతి దొరికింది. చూశారా వింత, అక్కను చూడటానికి వీల్లేదట, అక్క గేదెను చూడటానికి అభ్యంతరం లేదట! రోజూ వీధి మొదటినుంచి జ్వరం లేని ఇళ్ళన్నీ చూసుకుని, చివరికి అక్కయ్య పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. "ఊరందరి గొడ్లూ అయ్యాక గానీ అక్క గుర్తుకు రాదేంట్రా?" అని గది కిటికీలోంచి దెప్పేది. మా పెద్ద డాక్టరుగారి పద్ధతి చెబితే, సరే ఆఖర్నే రా, రావడం మాత్రం మానకు అంది.

ఆ గేదె మగవాళ్ళ చేతికి పాలివ్వదు. నేను గిన్నె పట్టుకుని కూర్చోగానే కాలు విదిలించేది. కిటికీ ఊచలు పట్టుకుని, ఆయాసపడుతూనే, "ఇయ్యవే తల్లీ, వీడు మన తమ్ముడేనే" అని అక్కయ్య బుజ్జగిస్తే ఆ గొంతుకు చేపి పాలు వదిలేది. పాలు తీస్తున్నంతసేపూ ఆవిడ మాట్లాడుతూనే ఉండాలి. రోజురోజుకీ ఆ మాటల మధ్య ఎడం పెరగడం నాకు తెలుస్తూనే ఉంది. బెజవాడ ఆసుపత్రుల్లో మంచం కోసం ఫోన్లమీద ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

ఆ రోజు వీధి మొదట్లో ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోంది. దూడ అడ్డం తిరిగింది. మోచేతి దాకా లోపల పెట్టి దాన్ని సరిచేస్తుండగా అవతలి వైపునుంచి అంబులెన్సు కూత వినబడింది. ఎవరింటికో నాకు తెలిసిపోయింది. చేయి తీస్తే తల్లీ పిల్లా రెండూ పోతాయి. దూడ బయటపడ్డాక చేతులు కడుక్కుని ఉరికాను. కిటికీ దగ్గర బావగారొక్కరే ఉన్నారు. "నీకోసం చూసిందయ్యా. గేదె పాలు తీయలేదింకా, తమ్ముడికి చెప్పమంది" అన్నారు. మళ్ళీ మా అక్కయ్య ఇంటికి రాలేదు.

ఆ పద్ధతి తప్పని ఇప్పటికీ అనను. ఆ వీధిలో నేను అడుగుపెట్టిన ఏ ఇంటికీ నావల్ల జబ్బు పాకలేదనే నమ్ముతున్నాను. కానీ పద్ధతి పాటించినవాడికి దక్కిందేమిటని ఎవరినైనా నిలదీయాలనిపిస్తుంది. మా రోజుల్లో ఊళ్ళోకి పశువుల డాక్టరు వస్తున్నాడంటే రైతులు ఎదురొచ్చి, ఏం చేయమంటారు సార్ అని అడిగేవాళ్ళు. ఇప్పుడు మనుషుల జబ్బులూ పశువుల జబ్బులూ వేరు కావని పెద్దపెద్ద సభల్లో చెబుతున్నారని పేపర్లో చదువుతుంటాను. సంతోషమే. మా ఊరి దాకా ఆ మాట ఇంకా రాలేదు, ఫోను చేసి ఏం చేద్దామని నన్ను అడిగినవాళ్ళూ లేరు. అక్కయ్య అడిగేది. చెబితే వినేది కాదు గానీ, అడిగేది.