నాలుగోసారి విప్పిన టర్బో

మదనపల్లెలో షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. లారీల టర్బోలు, అదే ఇంజనుకు గాలి ఊదే చక్రాలు, విప్పడం, బిగించడం, అంతే నా బతుకు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి, సన్నటి ముక్కల మీద చూపు నిలవడం లేదు. ఇక చాలు అనిపిస్తుంది. అయినా ఒక లారీ సంగతి గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అది పుంగనూరు అతనిది. సొంతంగా కొనుక్కుని సొంతంగా తోలుకునే మనిషి. మా మార్కెట్లో టమోటా ఎత్తి కుప్పం తోలేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు బండి లాగడం లేదు, వెనక నల్లటి పొగ. విప్పి చూస్తే టర్బోలో బుష్ బేరింగ్ మాడి బొగ్గయింది.

"హోటల్ కాడ, మార్కెట్ కాడ వేడి బండిని టక్కున ఆపేస్తాండావా?" అని అడిగాను.

"లేదన్నా, రెండు నిమిషాలు ఆడించే ఆపుతా. ఆ మాత్రం తెలీదా నాకు?" అన్నాడు.

నమ్మాను. కొత్త బుష్ వేశాను. కొన్ని నెలలకే మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయిల్ పైపు, ఫిల్టరు కూడా మార్చి పంపాను. మళ్లీ పోయింది.

మూడోసారి అతనే పట్టుబట్టాడు. "బాల్ బేరింగ్ వేసెయ్యన్నా, పీడ పోతాది."

చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. బుష్ అయితే షాఫ్టు సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. మొరటుది, అరిగితే నా బల్ల మీదే మార్చేయొచ్చు. కానీ తిరిగేటప్పుడు ఆయిల్ అందకపోతే దాని పని అయిపోయినట్టే. బాల్ బేరింగ్‌లో చిన్న చిన్న గుండ్లుంటాయి. తేలిగ్గా తిరుగుతుంది, తొక్కగానే బండి వేగం అందుకుంటుంది, ఆయిల్ తగ్గినా కాస్త ఓర్చుకుంటుంది. అయితే ఆయిల్‌లో నలుసు పడిందంటే గుండ్లు గీరుకుపోతాయి. అప్పుడు నాలాంటివాడు చేసేదేమీ లేదు, లోపలి భాగమంతా పారేసి కొత్తది తెప్పించాల్సిందే.

"ఏది వేసినా సరేప్పా, వేడి మీద ఆయిల్ ఆగితే మాడిపోతాది," అన్నాను.

"ఇంకోసారి పోతే బండి అమ్మేసి కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీకి కూలికి పోతానన్నా. నాకు ఓపిక లేదు," అన్నాడు.

బాల్ బేరింగే వేశాను. మునుపటి కంటే నాలుగు రోజులు ఎక్కువ ఆడింది, అంతే. నాలుగోసారి వచ్చినప్పుడు నాతో కొట్లాడనైనా లేదు. కుప్పంలో ఒకాయనకు బండి ఇచ్చేస్తానని మాట ఇచ్చాడట. "ఆడిదాకా పోయేటట్ల బుష్ వేసియ్యన్నా, సాలు," అన్నాడు.

ఆ గొంతు విన్నాక నా కాలు నిలవలేదు. బుష్ బిగించి, నేనూ వస్తానని లారీ ఎక్కాను. అదే అతని ఆఖరి లోడు.

పుంగనూరు దాటాం, పలమనేరు దాటాం. టమోటా బరువుతో బండి ఒక మిట్ట మూలుగుతూ ఎక్కింది. పైకి రాగానే రోడ్డు పక్కన గంగమ్మ రాయి. అతను బండి పక్కకు తీసి, తాళం తిప్పేసి, కర్పూరం పట్టుకుని దిగాడు. ఇంజను ఆగింది, దాంతో ఆయిల్ పంపూ ఆగింది. లోపల టర్బో ఇంకా గుయ్యిమంటూ తిరుగుతోంది.

"ఓరి నాయనా! యాల ఆపితివప్పా?" అని అరిచాను.

"అమ్మ ముందర బండి గుర్రుమంటాంటే మొక్కేదెట్లన్నా? మా నాయన కాలం నుంచీ ఇంతే."

"ప్రతి ట్రిప్పూనా?"

"ప్రతి ట్రిప్పూ."

"మరి టక్కున ఆపనంటివే!"

"నువ్వు హోటలు, మార్కెట్టు అని అడిగితివి. ఇదీ ఆపినట్టేనని నాకు తట్టలేదన్నా."

వాళ్ల నాయన తోలిన పాత లారీకి టర్బో లేదు, టక్కున ఆపినా మాడేదేమీ లేదు. దీనికుంది. ఆ ముక్క చెప్పేసరికి అతను కర్పూరం వెలిగించకుండా అట్లే నిలబడిపోయాడు.

"అంటే, ఈడ రెండు నిమిషాలు ఆడించి ఆపింటే సాలునా?"

"సాలు."

"రెండు నిమిషాలకి అమ్మ ఏమనుకుంటాదన్నా..." అంటూ వంగి కర్పూరం వెలిగించాడు.

నాలుగుసార్లు విప్పాను. దారిలో ఇంకా యాడెక్కడ నిలబడతావని ఒక్కసారైనా అడగలేదు. ఈ పాడు నోటికి ఏం రోగమొచ్చిందో!

"అమ్మొద్దులేప్పా, ఇంక బండికి ఏం కాదు," అన్నాను.

"మాట ఇచ్చేసినా కదన్నా."

కుప్పంలో లోడు దించాక బండిని ఆ కొనే ఆయన ఇంటి ముందు నిలిపాడు. ఆయన నవ్వుతూ వచ్చి తాళానికి చెయ్యి చాచాడు. ఇతను ఇంజను ఆపలేదు.

"ఉండన్నా, రెండు నిమిషాలు," అని ఆయనకు చెప్పి, స్టీరింగ్ పట్టుకుని అట్లే కూర్చున్నాడు. ఆ రెండు నిమిషాలూ నేను అతని మొహం చూడలేకపోయాను.