శాంతమ్మ ఓదార్పు

మధ్యాహ్నం నుంచి నా మనసు మనసులో లేదు.

ఐర్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచు ఈ రోజు వీడియో కాల్ చేసింది. అద్దె ఇంట్లో తనతో ఉండే అక్కడి అమ్మాయిలు తన కప్పును వాళ్ళ కప్పులతో కలపకుండా కిటికీలో పెడుతున్నారట. చెబుతూనే ఏడ్చేసింది.

మా అత్తయ్య శివాలెత్తిపోయింది. "వాళ్ళ చేతులు పడిపోను! నా బిడ్డ తాగిన కప్పు ముట్టుకుంటే అరిగిపోతారా?" అంటూ తనూ ఏడ్చింది.

చర్చి పేట నుంచి మా ఇంటికి మిరపకాయల తొడిమలు తీయడానికి వచ్చే శాంతమ్మ, అప్పుడు అరుగు కింద కూర్చుని టీ తాగుతోంది.

"ఊరుకోండమ్మా. కొత్తలో అట్టాగే బాధేస్తది. పోనుపోను పాపకే అలవాటైపోద్దిలెండి," అంది.

దెప్పలేదు. నిజంగానే ఓదార్చింది. అత్తయ్య తలూపి కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం శాంతమ్మ చేతిలోని గ్లాసు వైపు చూశాను. అది పేటవాళ్ళ కోసం మేము పెరటి గోడమీద విడిగా ఉంచే గ్లాసు. కాపురానికొచ్చిన మూడేళ్ళుగా రోజూ అందులో టీ పోస్తున్నది నేనే.

సాయంత్రం దాన్ని తోమి వంటింట్లో మా గ్లాసుల మధ్య పెట్టాను. అత్తయ్య ఇంకా చూడలేదు. ఆవిడ ముందు నాకు నోరు పెగలదు. పొద్దున అడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి.