బోణీ ఫైలు

ఈ బరువు మోయబట్టి చాలా ఏళ్లయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పత్తర్‌గట్టి బజారులో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు, సొంతంగా పట్టుకున్నాను. మెయిల్‌లో వచ్చిన ఏ ఫైలునూ నేరుగా తెరిచేవాణ్ణి కాదు. ముందు సైజు చూసేవాణ్ణి. ఒక్క పేజీ ఆర్డర్‌కు అంత సైజెందుకు? అనుమానమొస్తే మూట విప్పినట్టు ఫైలును విడదీసి, లోపల ఏదైనా ప్రోగ్రాం దాచారేమో వెతికేవాణ్ణి.

ఒక రోజు పొద్దున్నే ఆర్డర్ పేరుతో మెయిల్‌లో ఒక ఫైలు వచ్చింది. ఆ రోజు మాత్రం చూడలేదు. ఇంకా బోణీ కాలేదు. మొదటి బేరాన్ని శంకించకూడదని మా దుకాణంలో పట్టింపు. అగరొత్తి వెలుగుతూనే ఉంది. తెరిచాను. లోపల ఒక మసక బొమ్మ, వివరాలకు దాని మీద నొక్కమని రాసి ఉంది. నొక్కాను. ఏమీ రాలేదు. చాయ్‌కి వెళ్లాను. నా తర్వాత బిల్లులు కొట్టే సరళ వచ్చి అదే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె కళ్ల ముందే దుకాణం ఫైళ్లన్నీ తాళం వేసినట్టు మూసుకుపోయాయి.

తర్వాత ఆ మెయిల్ ఫైలును తెరవకుండా విడదీసి చూశాను. బొమ్మ వెనకే ఉంది ప్రోగ్రాం. నేను నొక్కిన బొమ్మ.

దుకాణం యజమాని సేఠ్ నన్నే అడిగాడు. "ఫైళ్ల డాక్టర్‌వి గదా భాయ్. చెప్పు, ఇది ఎవరి పని?"

"ఆ టైంల సరళ కూసున్నది సేఠ్."

అందులో అబద్ధం లేదని ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ అబద్ధం కాని ఆ ఒక్క ముక్కను ఏరి ఇచ్చింది ఎవరు? నౌకరీ పోతుందని భయపడ్డానా, ఫైళ్ల డాక్టర్ అన్న పేరు పోతుందనా? పేరు కోసమే అనుకుంటాను. అదే ఎక్కువ సిగ్గు. సరళను ఆ వారమే మాన్పించారు.

మొన్న ఛత్రినాకలో కనిపించింది, తమ్ముడి పాల దుకాణంలో. నన్ను చూసి నవ్వి ఫోన్ చాపింది.

"అన్నా, గిదేదో ఫైల్ వచ్చింది, జర చూడు. నేనైతే ముట్ట. అప్పుడు నా చేతులనే దుకాణం మునిగె గదా. ఏం నొక్కిన్నో ఇప్పటికీ సమజైతలేదు."

చూశాను. మామూలు కరెంటు బిల్లే. "ఏం లేదమ్మా, తెరువు" అన్నాను.

"నువ్వే తెరువన్నా."

తెరిచి ఇచ్చి, వచ్చేశాను.

నొక్కింది నేను. ఆమె ఏదీ నొక్కలేదు. ఆ పాల దుకాణం ముందు అనాల్సిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. రాశాక ఊపిరి కొంచెం అందుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.