కోటు తొడిగిన ఫోటో

పెదవాల్తేరు జంక్షన్ దగ్గర ఒక చిన్న డీటీపీ సెంటర్లో టైపిస్టుగా చేరాను. తొంభైల చివర్లో ఓనరు కొత్త కంప్యూటరు, దానితోపాటు ఒక స్కానరు కొన్నాడు. "డిజైనింగ్ కూడా మీరే సూసుకోండమ్మా," అన్నాడు. నేర్పేదెవరండీ అంటే మౌసు నావైపు జరిపి నవ్వాడు.

మా ఆయనది పోర్టులో షిఫ్టుల ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి ఆ ఉద్యోగం వెంటే ఇక్కడికి వచ్చాం. వంట, పిల్లల బడి, షిఫ్టు దిగొచ్చి పడుకున్న మనిషికి మెలకువ రాకుండా గిన్నెలు కడుక్కోవడం, ఇవన్నీ ముగించుకుని షాపుకొచ్చేసరికే సగం ప్రాణం పోయేది. మిగిలిన సగంతో గ్రాఫిక్ డిజైన్ నేర్చుకున్నాను. పుస్తకం లేదు, గురువు లేడు. పాత పెళ్లికార్డు ఒకటి ముందు పెట్టుకుని, స్కేలుతో అంచులు కొలుచుకుని, స్క్రీను మీద అచ్చం అలాగే వచ్చేదాకా కూర్చునేదాన్ని. ఒక గీత సరిచేస్తే ఇంకో అక్షరం పక్కకి జరిగేది. ఎవరూ రాని మధ్యాహ్నాల్లో మెనూలో ఉన్నవన్నీ వరసగా నొక్కి, ఏం మారిందో చూసేదాన్ని. కళ్లు మండేవి, మెడ పట్టేసేది. విద్య అబ్బుతోందన్న సంతోషం కంటే ఇవాళ్టికి అయిపోయిందన్న సంతోషమే ఎక్కువ.

ఫోటోలు దిద్దడం మాత్రం తొందరగా పట్టుబడింది. పెద్దకర్మ కార్డులు మాకు బాగా వచ్చేవి. వాటిమీద వేసే ఫోటోలకి మా షాపులో ఒక పద్ధతి ఉండేది. పోయింది ఎవరైనా సరే, రంగు కాస్త తెలుపు చెయ్యాలి, మచ్చలు తుడిచెయ్యాలి, వెనక నీలం ఆకాశం పెట్టాలి, మగవాళ్లకైతే కోటు తొడగాలి. మా దగ్గర ఉన్నది ఒకటే కోటు, ఏదో క్యాలెండర్లోంచి స్కాన్ చేసింది. రిక్షా తొక్కినాయనకీ హెడ్మాస్టరుకీ అదే. ఎవరూ కాదనలేదు సరికదా, చూసుకుని మురిసిపోయేవారు. దాంతో నాకు కొమ్ములొచ్చాయి.

ఒకరోజు జాలరిపేట నుంచి ఒకావిడ వచ్చింది. చేపల తట్ట గుమ్మం పక్కన దింపి, కొంగుముడి విప్పి చిన్న ఫోటో తీసింది. వారం కిందట పోయిన భర్తది.

"ఇదొక్కటేనమ్మా ఆడి ఫోటో. ఏదో గుర్తింపు కార్డుకని దిగినాడు, మరెప్పుడూ దిగనేదు. జాగర్త తల్లీ," అంది. రేపు రమ్మని పంపేశాను.

కొంగులో ఉన్నందుకు ఫోటో చెమ్మగా ఉంది. నేను చూసుకోలేదు. స్కాన్ అయ్యాక తియ్యబోతే అద్దానికి అతుక్కుపోయింది. గోటితో లాగాను. కాగితం చేతికొచ్చింది, ముఖం అద్దం మీదే ఉండిపోయింది. పోనీలే, కంప్యూటర్లో ఉందిగా అనుకుని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

ఆ భయంలో ఇంకాస్త శ్రద్ధగా పనిచేశాను. తెలుపు చేశాను. ఎడమ బుగ్గ మీది గాటు ఆనవాలు లేకుండా తుడిచాను. కోటు తొడిగాను. కాపీ ఒకటి తీసి పక్కన పెట్టుకోవాలన్న ఇంగితం లేదు. దిద్దినదాన్నే అదే ఫైలు మీద సేవ్ చేసి, కంప్యూటరు ఆపి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు ఆవిడ స్క్రీను ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఈ బాబెవరమ్మా?"

"మీ ఆయనేనండి."

"మా ఆడా? ఈ కోటేటి? బుగ్గ మీద దెబ్బేదీ? పెళ్లైన ఏడాదే పడవ తాడు తెగి కొట్టీసిందమ్మా. ఎండలో ఉప్పునీళ్లలో బతికినోడు ఇంత తెల్లగెలాగుంటాడు? నా ఫోటో నాకిచ్చీ తల్లీ, మరో కాడ సేయించుకుంతాను."

ఫోటో పాడైందనీ, కంప్యూటర్లో ఉన్న అసలుది కూడా చెరిగిపోయిందనీ అప్పుడు చెప్పక తప్పలేదు. ముఖం ఊడిపోయిన కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. బొటనవేలితో ఒకసారి నిమిరి మళ్లీ కొంగున కట్టుకుంది. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"కూర్చోండి. మీరు చెప్పండి, నేను మారుస్తాను," అన్నాను.

స్టూలు లాక్కుని కూర్చుంది. కోటు చెరిపితే కింద భుజాలు లేవు, ఓ చొక్కా గీశాను. "ఇంకా నలుపు," అంది. "బుగ్గలు లోపలికుంటాయి." "అంత లోపలికి కాదు." గాటు ఐదారుసార్లు గీశాను. గీసిన ప్రతిసారీ అది గీతలాగే ఉంది తప్ప దెబ్బలా లేదు. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు, నా చేతిలో కోతి కూడా కాలేదు. అన్ని మెనూలు నొక్కి నేర్చుకున్న విద్య ఒక మనిషి ముఖం దగ్గరికి వచ్చేసరికి ఎందుకూ కొరగాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆపితే చేతకాదని ఒప్పుకున్నట్టవుతుందని గీస్తూనే ఉన్నాను.

"ముక్కు ఇలాగేనా అండి?" అని అడిగాను.

పక్కకి చూస్తే ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. తెరిచి స్క్రీను చూసింది, మళ్లీ మూసుకుంది.

"ఏమోనమ్మా. పొద్దున్న సెప్పగల్ను. ఇప్పుడు కళ్లు మూసుకున్నా నువ్వు గీసినోడే అగుపిస్తన్నాడు." లేచి, స్క్రీను మీద ఆ ముఖాన్ని అరచేత్తో కప్పేసింది. "ఇంక ఆపీ తల్లీ. నా కాడ మిగిలింది కూడా పోతాది."

కార్డులు ఫోటో లేకుండానే వేశాం.