అన్న గీసిన గుండ్రటి గీత

హైదరాబాదు రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది. నేను పురిటికని సూర్యాపేటలోని పుట్టింటికి వచ్చాను. మా ఆయన అస్సాంలో రైల్వే ఉద్యోగి. మా అన్న హైదరాబాదులో, భూకంపాలను నమోదు చేసే వేధశాలలో పనిచేసేవాడు.

ఒకనాటి పొద్దున అన్న సెలవు మీద ఇంటికొచ్చి, ముందురోజు యంత్రం చాలా పెద్ద భూకంపాన్ని గీసిందని చెప్పాడు.

"యాడ వచ్చిందన్నా?" అని అడిగాను.

"భూమిల మొదటి అల వచ్చినంక రెండో అల ఎంతసేపటికి వచ్చిందో సూస్తే దూరం తెలుస్తది చెల్లె. ఏ దిక్కో మాత్రం మా ఒక్క యంత్రంతోని తెల్వదు" అంటూ పటం పరిచి, హైదరాబాదు చుట్టూ ఆ దూరంలో గుండ్రంగా గీత గీశాడు. అది అస్సాం మీదుగా పోయింది. అన్న చెయ్యి ఆగిపోయింది. "ఆయన ఆడనే ఉన్నడు కదన్నా!" అన్నాను.

"జర ధైర్యంగ ఉండు. వేరే ఊర్ల యంత్రాల లెక్కలు వస్తే ఖాయంగ తెలుస్తది" అని అన్న వెంటనే బస్సెక్కి తిరిగి వెళ్లాడు.

రేడియోలో ఏ వార్తా లేదు. అక్కడ తీగలన్నీ తెగిపోయి వార్త రావడం లేదేమోనని భయపడ్డాను. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఏడుపొచ్చేది.

మర్నాడు సాయంత్రం నేనూ అమ్మా బస్సు కోసం ఎదురుచూస్తుంటే, అన్న దిగుతూనే అరిచాడు: "బావకేం కాలె చెల్లె! అన్ని ఊర్ల గీతలు అస్సాం అంత దూరంలనే, కాని పడమటి సముద్రం ఒడ్డున కలిసినయ్!"

అమ్మను పట్టుకుని ఏడ్చేశాను. అమ్మ నా తల నిమురుతూ, "ఆ ఒడ్డున ఊర్లుంటయా కొడుకా?" అని అడిగింది.

అన్న తల దించుకున్నాడు. "ఉంటయమ్మా."

ఎక్కడో భూకంపం వచ్చిందని వింటే ఇప్పటికీ నా గుండె జారిపోతుంది. మావాళ్లు కాదులే అని మాత్రం అనుకోలేను.